రంగం ఓడ నుంచి విహార నౌక దాకా

ప్రత్యేక సంచికకు పెన్షను, డి.ఏ. బకాయిలు, వైద్య సదుపాయాల గొడవ కాకుండా వేరే ఏదైనా రాసి ఇమ్మని మన కార్యదర్శి గారు అడిగారు. ఈ మధ్య మన నెలవారీ సమావేశాల్లో ఎజెండా ముగిసి టీలు వచ్చే వేళకి తరచుగా వినిపిస్తున్న మాట ఒకటుంది. అది ఓడ ప్రయాణం. 2022 జూన్‌లో ఒక విహార నౌక విశాఖ రేవుకు వచ్చి, ఇక్కడే ప్రయాణికులను ఎక్కించుకుని చెన్నై దిశగా సాగింది. 2023 సెప్టెంబరులో విశాఖ పోర్టులో విహార నౌకల కోసమే ప్రత్యేకంగా టెర్మినల్ ప్రారంభమయింది. అప్పటినుంచి మన పిల్లలు "నాన్నగారూ, అమ్మనీ తీసుకుని మీరూ రండి, నాలుగు రోజులు సముద్రం మీద తిరిగొద్దాం" అంటున్నారు.

దీనికి పెద్దవాళ్ళం చెప్పే అభ్యంతరాలు రెండు. ఒకటి, సముద్రం పోటెక్కితే మన గతి ఏమిటని. రెండోది, డబ్బు పోసి నీళ్ళ మీద తిరగడంలో ఉన్న సుఖమేమిటని. మొదటిదానికి జవాబు ఓడల నిర్మాణంలో ఉంది. రెండోదానికి మన కుటుంబాల చరిత్రలోనే ఉంది. సముద్ర ప్రయాణం మనకు కొత్త కాదు. కాని అది మనకు ఏనాడూ విహారం కాలేదు. ఈ రెండు మాటలూ వివరంగా చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గణపతిదేవుడి అభయం

తెలుగు తీరాన ఓడల కథ చాలా పాతది. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మ ఉంది. కృష్ణా జిల్లా ఘంటసాలలో దొరికిన ప్రాకృత శాసనంలో ఒక మహానావికుడి పేరు కనిపిస్తుంది. అంటే దాదాపు రెండు వేల ఏళ్ళ క్రితమే ఓడ నడపడం మన దగ్గర గౌరవమున్న వృత్తి.

వీటన్నిటికన్న నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మోటుపల్లి శాసనం. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి అప్పట్లో పెద్ద రేవు. 1244-45లో కాకతీయ గణపతిదేవ చక్రవర్తి అక్కడ వర్తకులకు అభయ శాసనం వేయించాడు. అంతకు ముందు రాజులకు ఒక అలవాటు ఉండేది. గాలివానలో చిక్కి, ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని సరుకంతా రాజుదే అయిపోయేది. సముద్రం మిగిల్చినది కాస్తా సర్కారు లాక్కునేదన్నమాట. గణపతిదేవుడు ఆ పద్ధతి రద్దు చేశాడు. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చేవాళ్ళ దగ్గర నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని రాతి మీద చెక్కించాడు.

సర్కారు కొలువు చేసినవాడిగా ఈ శాసనం నాకు ఒక జి.ఓ. లాగే కనిపిస్తుంది. ప్రయాణం చేసేవాడి కష్టాన్ని గుర్తించి, వాడికి ప్రభుత్వం ఇచ్చిన హామీ అది. తర్వాత ఏడు వందల ఏళ్ళలో ఓడ ఎక్కిన మనవాళ్ళకు ఇలాంటి హామీ ఎప్పుడు దొరికింది, ఎప్పుడు దొరకలేదు అనేదే అసలు కథ.

మసూలా పడవలు, ఆవిరి ఓడలు

మన ధర్మశాస్త్రాలు సముద్రయానాన్ని నిషేధించాయని అందరూ అంటారు. బౌధాయన ధర్మసూత్రాల్లో ఆ మాట ఉన్న మాట నిజమే. అగ్రవర్ణాల వారు ప్రాయశ్చిత్తాలకు భయపడి చాలాకాలం ఓడ ఎక్కలేదు. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరినప్పుడు కూడా నేల దారినే పరివారంతో వెళ్ళారు. కాని తీరాన ఉండే బెస్తలు, కళాసీలు, కూలీలకు ఈ నిషేధం వర్తించలేదు. కడుపుకు ప్రాయశ్చిత్తం లేదు కదా!

1856లో కలకత్తా, బర్మాల మధ్య ఆవిరి ఓడలు నడపడానికి ఒక కంపెనీ పుట్టింది. 1862లో అది బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీగా పేరు మార్చుకుంది. దాని స్టీమర్లు మన తీరం పొడవునా రేవు రేవుకూ ఆగుతూ వెళ్ళేవి. ఇప్పుడు విహార నౌకల కరపత్రాల్లో మజిలీ రేవులని రంగుల్లో వేస్తున్నారే, ఆ పద్ధతిలో అప్పుడు కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, గోపాలపూర్ ఉండేవి. గోదావరి మీద రైలు వంతెన 1900లో తెరిచేదాకా చెన్నపట్నం, కలకత్తాల మధ్య పూర్తి రైలు దారి లేదు. అందుకని దూరాభారాలకు స్టీమరే దిక్కు.

రేవు అనగానే ఓడ గట్టుకు వచ్చి ఆనుకుంటుందని ఇప్పటివాళ్ళు అనుకుంటారు. ఆ రోజుల్లో అలా కాదు. కాకినాడలో సముద్రం లోతు తక్కువ కాబట్టి స్టీమరు ఒడ్డుకు మైళ్ళ దూరంలో లంగరు వేసేది. జనాన్నీ, సరుకునూ పడవల్లో తీసుకుపోయి ఎక్కించేవారు. కెరటాలు ఎక్కువగా ఉన్న చోట్ల మసూలా పడవలే వాడాలి. వాటి చెక్కలకు మేకులు కొట్టరు, కొబ్బరి తాళ్ళతో కుడతారు. మేకులు కొట్టిన పడవ కెరటం దెబ్బకు బద్దలవుతుంది. కుట్టిన పడవ ఆ దెబ్బకు కాస్త వంగి తట్టుకుంటుంది. పిల్లల్ని చంకన వేసుకుని, మూట నెత్తిన పెట్టుకుని అలాంటి పడవలోంచి ఊగుతున్న స్టీమరు నిచ్చెన ఎక్కడమంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

రంగం ప్రయాణం

రంగూన్‌ను మన ఉత్తరాంధ్రలో రంగం అనేవారు. "వాడు రంగం పోయాడు" అంటే ఊళ్ళో అందరికీ అర్థమయ్యేది. 1852లో దిగువ బర్మా, 1885లో ఎగువ బర్మా ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చాయి. ఐరావతి డెల్టాలో అడవులు కొట్టి వరి వేశారు. రంగూన్‌లో ధాన్యం మిల్లులు, రంపపు మిల్లులు, రేవు పని పుట్టాయి. పనికి మనుషులు కావాలి. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల్లో కరువులు, అప్పులు ఉన్నాయి. మేస్త్రీలు ఊళ్ళమీద పడి అడ్వాన్సులు ఇచ్చి జనాన్ని పోగుచేసేవారు. ఆ అడ్వాన్సు తీరేదాకా కూలివాడు మేస్త్రీ చెప్పుచేతల్లో ఉండవలసిందే.

1920 దశకంలో ఏడాదికి మూడు లక్షల మందికి పైగా భారతీయులు రంగూన్ రేవులో దిగేవారు. వారిలో తెలుగువాళ్ళు చాలా ఎక్కువ. కోరంగి రేవు పేరు మీద బర్మావాళ్ళు మనవాళ్ళను కొరంగీలని పిలిచేవారు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు. రంగూన్ నగరంలో సగం మందికి పైగా వాళ్ళే. అయితే వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది మగవాళ్ళు. సంసారం ఊళ్ళోనే ఉండిపోయేది. మనియార్డరు కోసం, ఉత్తరం కోసం ఎదురుచూడడమే దాని పని. కుటుంబ సమేతంగా సముద్రయానమనేది కొద్దిమంది గుమస్తాలకూ వర్తకులకూ మాత్రమే కుదిరేది.

ప్రయాణం మూడు నాలుగు రోజులు. తొంభై పాళ్ళు జనం డెక్కు ప్రయాణికులే. డెక్కు అంటే గది లేదు, మంచం లేదు. ఇనుప నేల మీద చాప పరుచుకున్నంత మేరా మన ఇల్లు. పైన టార్పాలిను. సముద్రం బాగుంటే గాలి హాయిగా ఉంటుంది. పోటెక్కితే నీళ్ళు డెక్కు మీదికి వచ్చి చాపలు, మూటలు, మనుషులు తడిసిపోవడమే. ఒకళ్ళ వాంతి ఇంకొకళ్ళ మీద. 1915లో గాంధీగారు కలకత్తా నుంచి రంగూన్‌కు డెక్కు ప్రయాణికుడిగానే వెళ్ళారు. స్నానాల గది, మరుగుదొడ్లు ఎంత అసహ్యంగా ఉన్నాయో తమ ఆత్మకథలో రాశారు. ఓడ అధికారికి ఫిర్యాదు కూడా చేశారు. గాంధీగారికే అలా ఉంటే, సంతకం రాని కూలివాడు ఎవరికి అర్జీ పెట్టుకుంటాడు?

అదే రోజుల్లో మరోపక్క

ఇదే కాలంలో ఐరోపాలో విహార నౌక పుట్టింది. దాని పుట్టుకకు కారణం కూడా సముద్రం పోటే కావడం విశేషం. జర్మనీలోని హాంబర్గ్ నగరంలో ఒక పెద్ద ఓడల కంపెనీకి ఆల్బర్ట్ బాలిన్ అనే ఆయన అధికారి. చలికాలంలో అట్లాంటిక్ సముద్రం అల్లకల్లోలంగా ఉండేసరికి అమెరికా వెళ్ళేవాళ్ళు తగ్గిపోయి, ఖరీదైన ఓడలు ఊరికే రేవులో పడి ఉండేవి. నౌకర్ల జీతాలు మాత్రం ఆగవు. అందుకని ఆయన 1891 జనవరిలో అగస్టా విక్టోరియా అనే ఓడలో 241 మందిని ఎక్కించుకుని మధ్యధరా సముద్రంలో సుమారు రెండు నెలలపాటు తిప్పి తీసుకొచ్చాడు. మజిలీ మజిలీకి దిగడం, ఊరు చూడడం, మళ్ళీ ఓడకు వచ్చి భోజనం చేసి పడుకోవడం. ఎక్కడికో చేరడం కోసం కాకుండా తిరగడం కోసమే ఓడ ఎక్కడం అప్పటినుంచే ఒక వ్యాపారంగా స్థిరపడింది. 1958 తర్వాత జెట్ విమానాలు వచ్చి అట్లాంటిక్ దాటే ఓడలకు గిరాకీ పోయేసరికి, చాలా కంపెనీలు ఈ విహార మార్గం పట్టాయి.

1912 ఏప్రిల్‌లో టైటానిక్ మునిగి సుమారు 1,500 మంది పోయారు. ఓడలో ఉన్నవాళ్ళలో దాదాపు సగం మందికే లైఫ్ బోట్లలో చోటు ఉండడం ప్రపంచాన్ని కదిలించింది. 1914లో సముద్ర ప్రయాణ భద్రత మీద మొదటి అంతర్జాతీయ ఒప్పందం జరిగింది. మనుషులందరికీ సరిపడా లైఫ్ బోట్లు, వైర్‌లెస్సు ఉండాలన్న సూత్రం స్థిరపడింది. మరి డెక్కు మీద వేలాదిమందిని ఎక్కించుకునే మన ఓడల సంగతి? వాటికి ఆ నియమాలు యథాతథంగా అమలు చేయడం కష్టమని, 1931లో సిమ్లా నిబంధనల పేరుతో ప్రత్యేకంగా సడలించిన పద్ధతి పెట్టారు. మద్రాసు నుంచి పినాంగ్, సింగపూర్‌లకు 1926 నుంచి నడిచిన రజూలా అనే ఓడకు ఐదు వేలకు పైగా డెక్కు ప్రయాణికులను ఎక్కించుకునే అనుమతి ఉండేది. ఒకే ఓడలో పై అంతస్తు ప్రాణానికి ఒక లెక్క, డెక్కు ప్రాణానికి ఇంకొక లెక్క!

గాలివానలు, ప్రమాద సూచికలు

మన బంగాళాఖాతం స్వభావం గురించి తీరవాసులకు చెప్పనక్కర్లేదు. 1789లో, 1839లో వచ్చిన ఉప్పెనలు కోరంగి రేవును తుడిచిపెట్టాయి. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30 వేలమంది పోయారు. 1977 నవంబరు 19 దివిసీమ సంగతి మనలో చాలామందికి కళ్ళకు కట్టినట్టు గుర్తే. కొందరం ఆఫీసుల తరఫున బట్టలు, బియ్యం పోగుచేసి పంపినవాళ్ళం కూడా. సైక్లోన్ అనే మాటను పుట్టించినది కూడా ఈ బంగాళాఖాతం తుపానులను శ్రద్ధగా పరిశీలించిన కలకత్తా ఉద్యోగి హెన్రీ పిడింగ్టనే.

కలకత్తా రేవును 1864 అక్టోబరులో తుపాను దెబ్బతీసిన తర్వాత, 1865లో అక్కడ ఓడలకు తుపాను హెచ్చరికలు ఇచ్చే ఏర్పాటు మొదలైంది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. రేడియోలో "మూడవ నెంబరు ప్రమాద సూచిక ఎగురవేశారు" అని వింటూ పెరిగిన తరం మనది. ఒకటి నుంచి పదకొండు దాకా ఉండే ఆ నెంబర్లు మొదట ఓడల వాళ్ళ కోసం పెట్టినవే. 1974లో విశాఖపట్నంలో తుపాను హెచ్చరికల కేంద్రం వచ్చింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను అతలాకుతలం చేసినా, ప్రాణనష్టం పాత తుపానులతో పోల్చలేనంత తగ్గిందంటే, దాని వెనుక నూటయాభై ఏళ్ళ హెచ్చరికల శ్రమ ఉంది.

విశాఖ రేవు

విశాఖ లోపలి రేవును 1933లో తెరిచారు. ఆ ఏడాది అక్టోబరు 7న సింధియా కంపెనీ వారి జలదుర్గ అనే ప్రయాణికుల ఓడ మొదటగా లోపలికి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి లార్డ్ విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు. డాల్ఫిన్స్ నోస్ కొండ అండన రెండు పాత ఓడలను రాళ్ళతో నింపి ముంచి, వాటినే అలలకు అడ్డుగోడగా చేశారు. ఆనాటినుంచి విశాఖలో ఓడ గట్టుకు వచ్చింది. మసూలా పడవల బాధ తప్పింది. ఆ సింధియా కంపెనీ వాల్‌చంద్ హీరాచంద్ మొదలైనవారు 1919లో పెట్టిన స్వదేశీ సంస్థ. వారి షిప్‌యార్డుకు 1941లో బాబూ రాజేంద్రప్రసాద్ గారు విశాఖలోనే శంకుస్థాపన చేశారు. 1948 మార్చి 14న జల ఉష అనే ఓడను నెహ్రూ గారు అక్కడే జలప్రవేశం చేయించారు.

1942

ఇక్కడ మా ఇంటి సంగతి కొంత చెప్పక తప్పదు. మా అమ్మ తండ్రిగారు, అంటే మా తాతగారు, రంగూన్‌లో ఒక ధాన్యం మిల్లులో లెక్కలు రాసేవారు. కాకినాడ దగ్గర పల్లె వారిది. అమ్మమ్మనూ పిల్లల్నీ తీసుకెళ్ళి అక్కడే కాపురం పెట్టిన కొద్దిమందిలో ఆయనొకరు. మా అమ్మకు అప్పుడు ఎనిమిదో ఏడు.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. జనం రేవు మీద పడ్డారు. ఓడ టిక్కెట్లకు తొక్కిసలాట. ఆడవాళ్ళకూ పిల్లలకూ కష్టం మీద జనవరిలో చోటు దొరికింది. తాతగారు రేవు దాకా వచ్చి, "మిల్లు లెక్కలు అప్పజెప్పి, నాకు రావలసింది తీసుకుని వెనకాలే వస్తాను" అన్నారట. మార్చి 8న రంగూన్ జపాను వశమైంది. సముద్రం దారిన సుమారు 70 వేలమంది బయటపడ్డారు. మిగిలిన నాలుగైదు లక్షలమందీ అరకాన్ కొండల మీదుగానో, తమ్ము, ఇంఫాల్ మీదుగానో నడిచారు. దారిలో కలరా, మలేరియా, ఆకలితో వేలాదిమంది పోయారు. మా తాతగారు తమ్ము దాకా నడిచినట్టు ఆ దారినే వచ్చిన ఒకాయన తర్వాత చెప్పాడు. అంతే. ఆయన రాలేదు. రావలసిన జీతం సంగతి సరే, మనిషి పోయినట్టు కాగితం కూడా మా అమ్మమ్మకు ఎవరూ ఇవ్వలేదు. ఈ దేశంలో ఫ్యామిలీ పెన్షను అనే మాట విలువ తెలిసిన మనకు అదెంత పెద్ద లోటో వేరే చెప్పనక్కర్లేదు.

అమ్మవాళ్ళ ఓడ కలకత్తా చేరింది. అక్కడినుంచి రైల్లో ఊరికి వచ్చారు. వచ్చి మూడు నెలలు కాకుండానే, 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద కూడా బాంబులు వేశాయి. "రంగం నుంచి బాంబులు మా వెనకాలే వచ్చాయనుకున్నాం" అనేది మా అమ్మమ్మ. యుద్ధంతో రంగం ఓడల కాలం దాదాపు ముగిసింది. 1962లో బర్మాలో సైనిక ప్రభుత్వం వచ్చి, తర్వాత వ్యాపారాలన్నీ జాతీయం చేసేసరికి అక్కడ మిగిలినవాళ్ళు కూడా లక్షల సంఖ్యలో తిరిగి వచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేరు ఆ వలసకు గుర్తు.

ఎల్.టి.సి. మీద సముద్రయానం

మనలో చాలామందికి మొదటి ఓడ ప్రయాణం ఎల్.టి.సి. పుణ్యమే. కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసే నేను 1986-89 బ్లాకులో, 1987 దసరా సెలవులకు, భార్యనూ ఇద్దరు పిల్లలనూ మా అమ్మనూ తీసుకుని విశాఖ నుంచి అండమాన్ వెళ్ళాను. మాకు దొరికింది బంకు క్లాసు. అంటే రైల్లో లాగ ఒకదాని మీద ఒకటి పడకలు. వెళ్ళేటప్పుడు సముద్రం చెరువులా ఉంది. పిల్లలు ఎగిరే చేపలను లెక్కపెట్టారు. పోర్టు బ్లెయిర్ రేవులో దిగగానే శ్రీకాకుళం యాస తెలుగు వినిపించి ప్రాణం లేచొచ్చింది. సెల్యులార్ జైలు చూశాం. ఆ ఊరికి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని పేరు పెట్టారు.

తిరుగు ప్రయాణంలో రెండో రాత్రి అల్పపీడనం పట్టుకుంది. ఓడ ముందు భాగం కొండ ఎక్కినట్టు లేవడం, గోతిలో పడ్డట్టు దిగడం. పక్కలకు ఊగితే పడకల కింది పెట్టెలు ఈ గోడ నుంచి ఆ గోడకు జారేవి. గిన్నెలు దొర్లుతున్నాయి. మా ఆవిడ, పిల్లలు, నేను, అందరం మంచాలు పట్టాం. ఓడ డాక్టరు గారు వచ్చి మాత్రలు ఇచ్చి వెళ్ళారు. మా అమ్మ ఒక్కతే దిండుకు ఆనుకుని కూర్చుని, ఉప్పు అద్దిన అల్లం ముక్కలు మాకు అందిస్తూ ఉంది. "నీకు తిప్పడం లేదా అమ్మా?" అని అడిగాను.

"దీన్ని పోటంటార్రా! ఇక్కడ పైన కప్పుంది, దీపముంది, డాక్టరొచ్చాడు. అప్పుడు డెక్కు మీద దీపం వెలిగించనివ్వలేదు, శత్రువులకు కనపడుతుందని. తడిసిన చాప మీద మా అమ్మ మమ్మల్ని నలుగురినీ చీర కొంగుతో నడుముకి కట్టుకుని కూర్చుంది" అంది. కాసేపాగి, "నాన్న మాతో ఎక్కుంటే బాగుణ్ణు. ఆ లెక్కలు ఎవడిక్కావాలి" అంది. నలభై అయిదేళ్ళలో ఆ విషయం ఆమె నోట వినడం నాకదే మొదటిసారి. తెల్లవారి గాలి తగ్గాక పిల్లలతోపాటు పైకి వచ్చి, చాలాసేపు తూర్పు వైపు చూస్తూ నిలబడింది. పిల్లలకు మాత్రం అది సరదా యాత్రే. అలా ఉండడమే మంచిదని అమ్మే అంది.

ఓడ ఊగితే ఏమిటి గతి?

ఇక మొదటి అభ్యంతరానికి వస్తాను. ఓడలో తల తిరగడం జబ్బు కాదు. ఒంటి నిలకడను కనిపెట్టి చెప్పే భాగం మన లోపలి చెవిలో ఉంది. చెవి కదులుతున్నామంటుంది. గదిలో గోడలు చూస్తున్న కన్ను కదలడం లేదంటుంది. ఈ రెండు వాఙ్మూలాలూ పొసగక మెదడు తికమకపడి కడుపు తిప్పుతుంది. అందుకే పైకి వచ్చి దూరంగా ఆకాశం, నీరు కలిసే గీతను చూస్తే ఉపశమనం కలుగుతుంది. ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో ఊపు తక్కువ. ముందు చివర, పై అంతస్తుల్లో ఎక్కువ. గది అడిగేటప్పుడు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇప్పటి పెద్ద ఓడలకు నీటి అడుగున రెండు పక్కలా చేప రెక్కల్లాంటివి ఉంటాయి. ఓడ ఒక పక్కకు ఒరగబోతే అవి తిరిగి నీటి వడినే ఆసరా చేసుకుని నిలబెడతాయి. 1950 దశకం నుంచి ప్రయాణికుల ఓడల్లో ఇవి వ్యాప్తిలోకి వచ్చాయి. పక్క ఊపును ఇవి బాగా తగ్గిస్తాయి గాని, ముందు వెనుకలకు లేచి పడే ఊపును ఆపలేవు. కాబట్టి కాలం చూసుకోవడం ముఖ్యం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులకు బంగాళాఖాతం పోటు మీద ఉంటుంది. మే నెల, అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. జనవరి నుంచి మార్చి దాకా ప్రశాంతంగా ఉంటుంది. మన వయసువాళ్ళు బి.పి., షుగరు మాత్రలు నాలుగు రోజులకు ఎక్కువే పట్టుకెళ్ళాలి. తిప్పుడు మాత్రలు మన డాక్టరును అడిగే వేసుకోవాలి, అవి మగత కలిగిస్తాయి. ఎక్కగానే లైఫ్ జాకెట్టు తొడుక్కోవడం, ఎక్కడ గుమిగూడాలో చూపిస్తారు. అది తమాషా అని గదిలో కూర్చోకండి. ఆ పావుగంట నియమం వెనుక టైటానిక్‌లో పోయిన ప్రాణాలున్నాయి. 1947 జులై 17న బొంబాయి దగ్గర రామ్‌దాస్ అనే స్టీమరు ఆషాఢ మాసపు పోటులో బోల్తాపడి 600 మందికి పైగా పోయిన సంగతీ మరువరాదు.

ఒక మనవి

డబ్బు పోసి నీళ్ళ మీద తిరగడమేమిటన్న రెండో ప్రశ్నకు నా జవాబు ఇది. మన తాతలు పొట్ట చేతబట్టుకుని ఎక్కిన ఓడను మన మనవలు సరదాకి ఎక్కుతున్నారంటే, మూడు తరాల కష్టం గట్టెక్కిందనే అర్థం. స్తోమతు ఉండి, ఒంట్లో ఓపిక ఉంటే తప్పక వెళ్ళండి. లేకపోతే బాధపడవలసిందీ లేదు. ఆర్.కె. బీచిలో బెంచీ మీద కూర్చున్నా సముద్రం అదే.

అయితే సంఘానికి ఒక మనవి. మన సభ్యుల ఇళ్ళలో రంగం పోయినవాళ్ళూ, తిరిగొచ్చినవాళ్ళూ, రానివాళ్ళూ ఉన్నారు. వాళ్ళ పేర్లు ఏ రిజిస్టరులోనూ లేవు. బర్మా టేకు బీరువాలు మిగిలాయి గాని వాటిని మోసుకొచ్చిన మనుషుల సంగతులు పోతున్నాయి. ఎనభై, తొంభై ఏళ్ళ పెద్దలు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. వాళ్ళను అడిగి, ఏ రేవులో ఎక్కారు, ఎంతమంది వెళ్ళారు, ఎవరు తిరిగి వచ్చారు అన్న వివరాలు ఒక ఫుల్‌స్కేపు కాగితం మీద రాసి సంఘం కార్యాలయానికి పంపండి. ముప్పయి, నలభై ఏళ్ళు ఫైళ్ళు కుట్టినవాళ్ళం. ఈ ఒక్క ఫైలు మనవాళ్ళ కోసం కుట్టుకోలేమా? కార్యదర్శి గారు ఒప్పుకుంటే ఆ కాగితాలను వరుస నెంబర్లు వేసి భద్రపరిచే పని నేను చేస్తాను.